బీరప్ప పేరు మీద విడిచిన పొట్టేలు

మా అమ్మ దేవుణ్ని నమ్మే తీరు చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మండేది. మంచి జరిగితే బీరప్ప చేశాడు, చెడు జరిగితే మనమే ఏదో తప్పు చేసుకున్నాం. వాన పడితే ఆయన దయ, పడకపోతే మన పాపం. ఇంత ఏకపక్షంగా తీర్పు చెప్పే పెద్దమనిషిని ఊళ్లో ఎవరన్నా పంచాయితీకి పిలుస్తారా అని ఒకసారి అడిగేశాను. నేను జడ్చర్లలో సర్కారు బళ్లో లెక్కలు చెప్తాను. అమ్మ నా వైపు జాలిగా చూసి, "పిలగాండ్లకు లెక్కలు జెప్పుడు వస్తది గని, గీ లెక్క నీకు రాదు తియ్యి" అన్నది. అని, జొన్నరొట్టె తిప్పుకుంటూ కూర్చున్నది.

మాది మక్తల్ అవతల, కర్ణాటక పొలిమేరకు దగ్గర్లో చిన్న ఊరు. కురుమలం. కాస్తంత వానకు పండే చెలక ఉన్నా మా బతుకంతా గొర్ల మీదే. ఎండలు ముదిరితే నాయిన మందను తోలుకొని కృష్ణ ఒడ్డు దాకా పోయేవాడు, తొలకరికి తిరిగి వచ్చేవాడు. అమ్మ ఇంటి దగ్గర పిల్లల్ని, పిల్లతల్లి గొర్రెల్ని చూసుకునేది. మేమిద్దరం. నేను పెద్దదాన్ని, నా తర్వాత చాలా ఏండ్లకు పుట్టినవాడు తమ్ముడు. వాడు ఇంటర్ దాకా చదివి, ఇక నా వల్ల కాదని పుస్తకాలు అటక మీద పడేసి మంద వెనక పోయాడు. నేను గొంతు చించుకొని అరిచాను. వాడు నవ్వి, "అక్కా, మీ బళ్లె పిల్లలు నీ మాట ఇంటరా? నా గొర్లు ఇంటయి" అన్నాడు. నిజమే, వాడి ఈలకు మంద మొత్తం తలెత్తేది. ఒక చేతిలో కట్టె, ఇంకో చేతిలో సెల్‌ఫోన్, భుజం మీద తాతల నాటి గొంగడి. వాడట్లా బాగుండేవాడు. అది నేను ఒప్పుకోవాల్సిందే.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన ఒకటి రెండేండ్లకు వాడి మొహం పొద్దున లేవగానే ఉబ్బి కనిపించడం మొదలైంది. చలిలో పడుకున్నందుకని నాయిన అన్నాడు. తర్వాత పాదాలు ఉబ్బాయి. నేనే వాణ్ని పట్టుకొచ్చి పాలమూరు దవాఖానలో చూపించాను. రెండు కిడ్నీలూ పోయాయని చెప్పారు. వారానికి రెండుసార్లు మిషన్ మీద నెత్తురు కడిగించాలన్నారు. అమ్మకు నేను ఎన్ని తీర్ల చెప్పినా ఒకటే అడిగేది. "నెత్తురు కడిగినంక మంచిగైతడు గదా?" కాడు అమ్మా, బతికున్నంత కాలం కడగాల్సిందే అని చెప్పలేక, అవుతాడని తలూపేదాన్ని.

అప్పుడే అమ్మ మొక్కుకున్నది. మా కులంలో మొక్కు నోటితో అనుకుంటే సరిపోదు, దానికి సాక్ష్యం కావాలి. ఆ ఏడు పుట్టిన పోతుపిల్లల్లోంచి నల్ల మూతి పిల్లనొకదాన్ని అమ్మ ఎంచింది. నాయిన దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకొని, ఉన్ని కత్తిరించే కత్తెరతో ఎడమ చెవి అంచు కోశాడు. నెత్తురు కారిన చోట అమ్మ బండారు అద్దింది. బండారంటే పసుపే, కానీ బీరప్ప ముందు పెట్టి తెచ్చిన తర్వాత దాన్ని ఎవరూ పసుపనరు. "నా కొడుకు లేచి మందెన్క తిరిగితే, ఇది పెద్ద పొట్టేలైనంక నీ గుడి ముందల నీకే ఇస్త తండ్రీ" అని అన్నది. అంతే. ఇక ఆ పిల్ల మాది కాదు. అమ్మకూడదు, కోసుకోకూడదు, కోపమొచ్చి కట్టెతో కొట్టకూడదు. చెవి చూడగానే ఊళ్లో ఎవరికైనా అది దేవుని జీవమని తెలుస్తుంది.

తమ్ముడు దాన్ని దోస్తు చేసుకున్నాడు. దవాఖాన నుంచి వచ్చిన రోజుల్లో వాకిట్లో మంచం మీద పడుకొని, దాన్ని దగ్గరికి పిలిచి వేరుశనగ ఆకు తినిపించేవాడు. "ఒరేయ్, నేను బతికితే నువ్వు సస్తవ్. నువ్వు బతికితే నేను సస్త. మనిద్దరి నడుమ బీరప్ప బేరం పెట్టిండు రా" అనేవాడు. అమ్మ గుడ్లు ఉరిమి చూసేది. వాడు ఇంకా నవ్వేవాడు. నేను మాత్రం ఆ మాట వినలేక లేచి ఇంట్లోకి పోయేదాన్ని.

పిల్ల పెరిగింది, కొమ్ములు మెలి తిరిగాయి. తమ్ముడు తరిగిపోయాడు. మక్తల్ నుంచి పాలమూరుకు బస్సులో పోయి రావడమే వాడికి పెద్ద పని అయింది. మిషన్ మీద నుంచి లేచినంక ఆకు వేలాడినట్టు వేలాడేవాడు. నీళ్లు దోసెడు తాగినా ఒంట్లో నిలిచిపోయేవి కాబట్టి కొలిచి ఇచ్చేవాళ్లం. ఎండాకాలం మండుతుంటే వాడు కుండ వైపు చూసి మొహం తిప్పుకునేవాడు. అమ్మ వాడి ముందు నీళ్లు తాగడం మానేసింది. ఇంటి వెనక్కు పోయి, చాటుగా తాగి, మూతి తుడుచుకొని వచ్చేది. ప్రతి ఆదివారం గుడికి పోయి బండారు తెచ్చి వాడి నొసట పెట్టేది. వాడు పెట్టించుకునేవాడు.

చివరిసారి దవాఖానలో చేర్చినప్పుడు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వచ్చాయన్నారు. వాడు పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. దిండును గుండెకు హత్తుకొని, ముందుకు వంగి, రాత్రీ పగలూ అట్లాగే కూర్చున్నాడు. కండ్లు మాత్రం ఎవరు వస్తే వాళ్ల వైపు తిరిగేవి. నేను పోయినప్పుడు నా చెయ్యి పట్టుకొని ఏదో అనబోయి, ఊపిరి చాలక మానేశాడు. అది నాకు ఇప్పటికీ తలపుకొస్తుంది. ఏమనబోయాడో తెలియదు. నేను బడికి సెలవు పొడిగించుకొని వద్దామని జడ్చర్లకు వచ్చాను. నాయిన మందను పక్క ఊరి చుట్టానికి అప్పజెప్పి రావడానికి పోయాడు. ఆ మధ్యాహ్నం వాడి దగ్గర అమ్మ ఒక్కతే ఉన్నది. పొద్దు గూకే లోపల వాడు పోయాడు.

నేను పోయేసరికి అమ్మ వార్డు బయట నేల మీద కూర్చొని ఉన్నది. ఏడవడం లేదు. నన్ను చూసి, "గోస తీరింది బిడ్డకు" అన్నది. కడుపున పుట్టినవాడు పోతే తల్లి అనే మాటేనా అది అనిపించింది. ఆమె బీరప్పను నిలబెట్టుకోవడానికే ఆ మాట అంటున్నదని, కొడుకు శవం ముందు కూడా దేవుడికే వత్తాసు పలుకుతున్నదని నాకు మండిపోయింది. నేను ఏడ్చిన ఏడుపులో సగం కోపమే.

మా దిక్కు పదకొండో దినాన చుట్టాలందరికీ యాట, అంటే గొర్రెనో మేకనో, కోసి పెట్టాలి. ఏడ్చి ఏడ్చి వచ్చినవాళ్లు కూడా ఆ రోజు కూర్చొని తిని పోవాలి. పోయినవాడి పేరు మీద ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటేనే వాడు తృప్తిగా పోతాడంటారు. పొద్దున్నే నాయిన దొడ్డిలోకి పోయాడు. మందలో ఎన్ని ఉన్నాయో, అన్నింటినీ వదిలి ఆ చెవి కోసిన పొట్టేలునే కొమ్ము పట్టి ఈడ్చుకొచ్చాడు.

అమ్మ వంటల దగ్గర నుంచి లేచి వచ్చి రెండో కొమ్ము పట్టుకున్నది.

"దాన్ని ఇడ్సిపెట్టు" అన్నది.

"ఇడ్వ. నా కొడుకు దినానికి గిదే కోస్త."

"అది దేవునిది."

"ఏ దేవునిది?" నాయిన గొంతు చీలిపోయింది. "నా కొడుకును ఇయ్యనోనికి నేను దీన్ని ఎందుకియ్యాలె? వాడు పాయె, ఇది బలిసి నిలవడె. దీన్ని జూస్తే నా కడుపు రగుల్తాంది."

"మందంత కొయ్యి. నేనేమన్న అంటె అడుగు. దీన్ని ముట్టకు."

చుట్టాలు రెండుగా చీలారు. మొక్కు నెరవేరలేదు కాబట్టి అది ఉత్త పొట్టేలే, కోసుకోవచ్చు అని కొందరు. చెవి కోసిన నాడే అది దేవుని సొమ్ము, కొడుకు బతికినా చచ్చినా మనకు చెందదు అని కొందరు. మా కులంలో పెద్ద, బీరప్ప గుడిలో పూజ చేసేవాడు మా చిన్నతాత. నాయినకు వరుసకు చిన్నాయన. ఆయన్ని అడిగారు. ఆయన మీసం దువ్వుకొని, "మొక్కినోళ్లే జెప్పాలె" అన్నాడు. మొక్కింది అమ్మ. నేను అమ్మ దగ్గరికి పోయి, "ఇంకెందుకమ్మా? ఆయన మాట తప్పిండు. నువ్వొక్కదానివి నిలబెట్టుకోని ఏం జేస్తవ్?" అన్నాను. అమ్మ నా మొహంలోకి చూసి నోరు తెరిచింది, మళ్లీ మూసుకున్నది. కొమ్ము మాత్రం వదల్లేదు. చివరికి నాయినే వదిలేశాడు. వేరే యాటను కోశారు. నాయిన ఆ రోజు ముద్ద ముట్టలేదు.

ఇంట్లో సావు జరిగితే ఏడాది దాకా పండుగ లేదు, గుడి గడప తొక్కేది లేదు. కాబట్టి ఆ ఏడాదంతా పొట్టేలు ఇంట్లోనే ఉండిపోయింది. నాయిన దాన్ని మందతో తోలుకుపోనన్నాడు. అమ్మే కట్టేసి మేపింది. చెలకలో కలుపు తీసి గడ్డి మోసుకొచ్చేది, కుడితి పెట్టేది. నాయిన దాని పక్క నుంచి పోవాల్సి వస్తే మొహం అటు తిప్పుకునేవాడు. గోడ మీది దేవుడి పటాలు తీసి మూటగట్టి గడ్డివాములో పెట్టాడు. బీరప్ప పేరు వింటే బూతు లేకుండా మాట ముగించేవాడు కాదు. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. నేను పోయినప్పుడు, "మీ అమ్మకు చెప్పు, అన్నం పెట్టుమని" అని నాయిన, "మీ నాయినకు చెప్పు, పెట్టిన, తినుమని" అని అమ్మ. రెండడుగుల దూరంలో కూర్చున్న ఇద్దరి మధ్య నేను తంతివార్త మోసేదాన్ని. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. తమ్ముడుంటే నవ్వేవాడు.

నేను నాయిన పక్షమే. పైకే అన్నాను. గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందని సామెత, గొర్లు కాసే ఇంట్లో పుట్టి అమ్మ ఆ సామెతను నిలబెడుతున్నది అన్నాను. అమ్మ ఏమనలేదు. ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పేది, మాటకు మాట అంటించేది. ఆ ఏడాది దేనికీ ఎదురు చెప్పలేదు. నాయిన తిట్లు, నా వెటకారం, ఊరి సానుభూతి, అన్నీ మీద వేసుకొని గడ్డి మోసింది. రోజూ సాయంత్రం ఊరవతలికి పోయి, గుడి ఉన్న దిక్కుకు తిరిగి, దూరం నుంచే దండం పెట్టుకొని వచ్చేది. అంత నమ్మకం ఎట్లా మిగిలిందో నాకు అర్థమయ్యేది కాదు.

వానాకాలం మందలో పారుడు రోగం తగిలింది. పిల్లలు వరుసగా చచ్చాయి. దేవుని జీవాన్ని ఇంట్లో పెట్టుకుంటే ఇట్లాగే అవుతుందని ఊళ్లో నోళ్లు లేచాయి. పక్క దొడ్లవాళ్లు తమ మందను మా మంద పక్కకు రానియ్యలేదు. చిన్నతాత వచ్చి నాయిన పక్కన కూర్చొని, "ఏడాది ఒడ్సింది. నీకు దేవుడు వద్దంటె వద్దు. దాన్ని ఇచ్చేసి చేతులు కడుక్కో. మందన్న దక్కుతది" అన్నాడు. నాయిన కట్టె కొసతో నేల గీకాడు. "తీస్కపోండి. కోసేటప్పుడు మెడ నేనే పట్టుకుంట. దాని నెత్తురు కండ్ల జూడాలె" అన్నాడు.

ఆదివారం పొద్దున పోయాం. నాయిన పొట్టేలును తాడు పట్టి ముందు నడిచాడు, అమ్మ నెత్తిన బోనం కుండతో వెనక, నేను ఆఖర్న. బంధువులు కొద్దిమంది వచ్చారు. గుడంటే పెద్ద గోపురమేమీ కాదు, బండల మధ్య సున్నం కొట్టిన చిన్న గది. డోలు కొట్టేవాళ్లు కొట్టారు. చిన్నతాత పొట్టేలు నొసట, వీపు మీద బండారు పెట్టి, చెంబుతో పసుపు నీళ్లు పోశాడు. నీళ్లు పడ్డ పొట్టేలు ఒళ్లు విదిలించుకోవాలి. విదిలించుకుంటేనే దేవుడు ఒప్పుకున్నట్టు. అంతవరకూ కత్తి ఎత్తరు.

పొట్టేలు కదల్లేదు. నీళ్లు కారుతుంటే నిలబడి నెమరు వేసింది. మళ్లీ పోశారు. డోలు జోరు పెంచారు. అమ్మ దాని ముందు కూర్చొని చేతులు జోడించింది. ఊహూ. ఎండెక్కింది. తెచ్చిన బిందె ఖాళీ అయితే ఇంకో బిందె తెచ్చారు. చివరికి డోలు కూడా ఆగిపోయింది.

చిన్నతాత మా అందరి వైపూ తిరిగాడు. "ఎవరి మనసులనో ఏదో ఉన్నది. లోపల పెట్టుకుంటె ఆయన తీస్కోడు. ఒప్పుకోండి" అన్నాడు.

ఇది మా ఆచారమే. పొట్టేలు ఒళ్లు విదిలించకపోతే ఇంట్లోవాళ్లు మనసులో మాట చెప్పి తప్పు ఒప్పుకోవాలి. అందరూ నాయిన వైపే చూశారు. నాయిన మొహం ఎర్రబడింది. తలకు చుట్టిన తువ్వాల విప్పి చంకలో పెట్టుకున్నాడు. "తిట్టిన. తల్లిని ఆలిని ఎత్తి తిట్టిన. పటాలు తీసి పారేసిన. నిజమే. తప్పైంది, పో" అన్నాడు. ఆ "పో"లో పశ్చాత్తాపమేమీ లేదు. అయినా అన్నాడు. చిన్నతాత నీళ్లు పోశాడు. పొట్టేలు చెవి మాత్రం ఆడించింది. ఇక చూపులు నా మీదకు మళ్లాయి. చదువుకున్నది, ఏం వెటకారం చేసిందోనని. నాకు చిర్రెత్తుకొచ్చింది గానీ, ఈ తతంగం తొందరగా ముగియాలని చేతులు జోడించి, "నేనన్నయి గూడ తప్పే" అన్నాను. పొట్టేలు నన్ను లెక్క చెయ్యలేదు.

అప్పుడు అమ్మ, కూర్చున్న చోటి నుంచే, తల ఎత్తకుండా మాట్లాడింది. "వాళ్లది గాదు. నాది."

"నువ్వేం జేస్తివి?" అన్నాడు చిన్నతాత.

"ఆ దినం దవాఖానల..." గొంతు తడుపుకొని మళ్లీ ఎత్తుకున్నది. "పిలగాడు కూసోలేడు, పండలేడు. నోరు తెర్సుకొని గాలి కోసం కొట్లాడుతాండు. అమ్మా అందామన్న ఊపిరి లేదు. నేను నీళ్లు పట్టుకస్త అని బయటికి పోయిన. నీళ్ల నల్ల కాడ నిలవడి అడిగిన ఈ తండ్రిని. ఉంచుతె మంచిగ ఉంచు. లేకుంటె ఈయాల్నే తీస్కపో. నేను సూడలేను. తీస్కపోయిన గూడ నీ పొట్టేలు నీకే ఇస్త అన్న."

చిన్నతాత చేతిలోని చెంబు కింద పెట్టాడు.

"మొదాలు బతికియ్యుమని అన్ని దినాలు అడిగిన. ఇనలే. గిది ఒక్కసారి అడిగిన. పొద్దు గూకకముందే ఇన్నడు." అమ్మ అప్పుడు తలెత్తి పొట్టేలు మొహంలోకి చూసింది. "ఇచ్చినోనికి ఇయ్యకుంట ఎట్ల ఉంట? నా కొడుకు సావు అడిగి తీస్కున్న. ఇగ పొట్టేలు ఎగ్గొట్టాలెనా?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. మా అమ్మ ఏడాది పాటు కడుపు చించుకోకుండా, ఆ మాటను లోపలే మోసుకుంటూ గడ్డి మోసింది. ఆమెది మాట తప్పిన దేవుణ్ని వదలని గుడ్డి నమ్మకమని నేను ఏడాదంతా కోప్పడ్డాను. నేను అనుకున్నది ఏదీ నిజం కాదు. ఆయన మాట తప్పలేదు. ఆమె అడిగింది ఇచ్చాడు. అదే ఆమెను తినేస్తున్నది.

నాయిన తాడు వదిలేసి బండ మీద కూలబడ్డాడు. పదకొండో దినం తర్వాత మొదటిసారి నేరుగా అమ్మతో మాట్లాడాడు. "నాకు చెప్పకపోతివి."

"చెప్తె నన్ను ఇంట్ల ఉంచుతుంటివా?"

నాయిన ఉంచేవాడని ఇప్పటికీ నేను ప్రమాణం చేసి చెప్పలేను.

పొట్టేలు అప్పుడు ఒళ్లు విదిలించుకున్నది. మెడ నుంచి తోక దాకా, పసుపు నీళ్లు మా అందరి మీదా చిమ్మేలా. తడిసిన ఉన్ని అంతసేపు ఎండలో ఆరితే దురద పుట్టదా అని నా లోపలి లెక్కల టీచర్ అన్నది. కావచ్చు. డోలు ఒక్కసారిగా మోగింది గానీ ఎవరి మొహంలోనూ సంబరం లేదు. నాయిన లేచి, తన మాట ప్రకారం తనే మెడ పట్టాడు. కండ్లు మాత్రం మూసుకున్నాడు. అమ్మ మూసుకోలేదు.

ఆ రోజు కూర వండారు. నేను తినలేకపోయాను. అమ్మ అందరికీ వడ్డించి, నాయిన పళ్లెంలో వేసి ఎదురుగా కూర్చున్నది. నాయిన ముద్ద కలిపి, ఆగి, పళ్లెం ఆమె వైపు జరిపాడు. ఇద్దరూ ఒక పళ్లెంలో తిన్నారు. మా దిక్కు ఆ వయసులో మొగుడూ పెండ్లాలు అట్లా తినరు. చూసినవాళ్లు చూడనట్టే ఉన్నారు. ఆ తర్వాత నాయిన దేవుణ్ని తిట్టడం మానేశాడు. మొక్కడం మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు. మందను మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చి, ఒక చలికాలం నిద్రలోనే పోయాడు.

అమ్మ ఆదివారం గుడికి పోవడం మానలేదు. పటాలు గడ్డివాములోంచి తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ మేకులకు తగిలించింది. దీపం, బండారు, దండం, అన్నీ పాత తీరుగానే. ఒకటి మాత్రం మారిందని నాకు తెలియడానికి కొన్నేండ్లు పట్టింది.

మొన్న మొన్నటి సంగతి. నా బిడ్డకు డెంగీ జ్వరం వచ్చింది. అది ఇప్పుడు బాగానే ఉన్నది, బడికి పోతున్నది, నా మాట వినడం లేదు. కానీ ఆ వారం నాకు లోకం కనపడలేదు. పాలమూరులో, తమ్ముడు పోయిన ఊళ్లోనే, వేరే దవాఖానలో చేర్చాం. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. పిల్ల చిగుళ్ల నుంచి నెత్తురు రావడం చూసి నా లెక్కలు, నా వాదాలు అన్నీ ఎక్కడివక్కడ రాలిపోయాయి. ఫోన్ చేసి, "అమ్మా, ఏమన్న మొక్కుకో. ఏదన్న సరే. పొట్టేలు నేనిస్త, మంద ఇస్త" అని ఏడ్చాను. అమ్మ మొదటి బస్సుకే వచ్చింది.

వచ్చి, కాయితంలో కట్టి తెచ్చిన బండారు పిల్ల నొసట పెట్టి, మంచం పక్కన కూర్చున్నది. పిల్ల పాదాలు ఒళ్లో పెట్టుకొని నిమురుతూ ఉన్నది. నేను చూసి చూసి, "మొక్కుకున్నవా?" అని అడిగాను.

"లేదు బిడ్డా."

"మొక్కుకో మరి. నీ మాటయితే ఇంటడు."

"ఇంటడు" అన్నది అమ్మ. "గందుకే అడుగ. వాడు పోయిన కాడి నుంచి ఒక్కటి అడగలే. వాన అడగలే, మీ నాయిన పానం అడగలే. దండమే పెడ్త గని నోరు ఇప్ప."

దేవుడున్నాడా అనే అనుమానం ఆమెకు ఏనాడూ లేదు. ఉన్నాడు కాబట్టే, విన్నాడు కాబట్టే ఆమె భయపడుతున్నది. నాయినకు అలిగే వీలు దొరికింది, నాకు లేడనుకునే వీలు దొరికింది. ఆమెకు ఆ రెండూ లేవు. ఆయన లేడనుకుంటే, ఆ మధ్యాహ్నం నల్ల దగ్గర కొడుకు సావును కోరుకున్నది ఆమె ఒక్కతే అవుతుంది. తోడుగా ఆయనైనా ఉండాలి. ఎంత కష్టమైనా ఆమె ఆయన్ని వదులుకోలేదు.

"అయితే ఎవరడగాలె అమ్మా?" అన్నాను.

"నువ్వే అడుగు. తల్లివి నువ్వు."

నేను చిన్నప్పటి తర్వాత దేవుణ్ని ఏమీ అడగలేదు. గుడి ముందు నా చేతులు జోడించింది తతంగం కోసమే. లేచి వరండాలోకి పోయాను. ఏ దిక్కుకు తిరగాలో కూడా తెలియలేదు. అమ్మ నా వెనకే వచ్చి, భుజం పట్టి, మా ఊరి దిక్కుకు నన్ను తిప్పింది.

"పిల్ల బతకాలె అని అడుగు. గంతే. నడుమ దాని గోస జూసి నీకు ఇంకేమన్న నోట్లెకు వస్తది. ఒక్కటే అడుగు బిడ్డా, రెండోది అడగకు."

నేను కండ్లు మూసుకొని, పండ్లు బిగబట్టి, ఒక్కటే అడిగాను.